నాలుగు రోజుల సెలవు, నాలుగు దీవుల దారి: పీణ్య కుటుంబాలు వేసుకోవలసిన లెక్క

విహారయాత్రకు ఏ దీవికి వెళ్లవలెనన్నది దేశరాజకీయాలలో చర్చనీయాంశం కాగలదని 2024 జనవరికి ముందు ఎవరూ ఊహించి ఉండరు. ఆ నెల 2, 3 తేదీలలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ లక్షద్వీప్‌లో పర్యటించారు. అక్కడి సముద్రతీరపు చిత్రాలు వెలువడగానే మాల్దీవుల ఉపమంత్రులు ముగ్గురు అవమానకరమైన వ్యాఖ్యలు చేయడం, జనవరి 7న ఆ దేశ ప్రభుత్వం వారిని పదవుల నుండి సస్పెండు చేయడం వెంటవెంటనే జరిగిపోయాయి. మాల్దీవులను బహిష్కరించవలెనని, వెళ్లేవారు లక్షద్వీప్‌కే వెళ్లవలెనని టెలివిజన్లలోను, సెల్‌ఫోన్లలోను నినాదాలు మోగాయి. 2023లో మాల్దీవులకు వెళ్లిన భారతీయులు సుమారు 2 లక్షల 9 వేల మంది. ఆ ఏడాది అక్కడికి వెళ్లిన విదేశీయులలో మనవారే ప్రథములు. 2024లో ఆ సంఖ్య సుమారు 1 లక్షా 30 వేలకు పడిపోయింది.

ఆ తరువాత కథ మారింది. 2024 అక్టోబరులో మాల్దీవుల అధ్యక్షుడు మొహమ్మద్ ముయిజ్జు మన దేశానికి వచ్చి, ఢిల్లీతో పాటు బెంగళూరును కూడా చూసి వెళ్లారు. 2025 జులై 25, 26 తేదీలలో మోదీ మాలే నగరానికి వెళ్లి, ఆ దేశపు 60వ స్వాతంత్ర్య వార్షికోత్సవంలో ముఖ్య అతిథిగా పాల్గొన్నారు. పెద్దల నడుమ మాటలు కలిశాయి. ఇక మిగిలింది సామాన్యుని ప్రశ్న. చేతిలో నాలుగు రోజుల సెలవు, కూడబెట్టుకున్న కొద్దిపాటి సొమ్ము ఉన్న కుటుంబం సముద్రం నడుమ ఉన్న ఒక దీవిని చూడదలచుకుంటే ఏ దారి పట్టవలెను? దేశభక్తి, పగ, పరువు అనే మాటలను పక్కన పెట్టి, ఈ ప్రశ్నను రోజులు, ఋతువు, కాగితాలు, సొమ్ము, ప్రాణభద్రత అనే అయిదు కొలతలతో చూడడం అవసరం.

పీణ్యకు దీవులతో సంబంధమేమి?

తుమకూరు రహదారి మీద 1970వ దశకంలో రూపుదిద్దుకున్న పీణ్య పారిశ్రామికవాడలో లేతు యంత్రాల మీద, ప్రెస్సుల వద్ద, గార్మెంటు మిల్లులలో పనిచేసేవారిలో సరిహద్దు గ్రామాల బిడ్డలు ఎందరో ఉన్నారు. మడకశిర, హిందూపురం, పావగడ, గౌరీబిదనూరు, బాగేపల్లి, ములబాగిలు, కుప్పం ప్రాంతాల నుండి వెళ్లినవారు ఇంట్లో తెలుగు, పనిలో కన్నడం మాట్లాడుతూ దాసరహళ్లి, జాలహళ్లి చుట్టుపక్కల అద్దె ఇళ్లలో కాపురాలు పెట్టుకున్నారు. 2014 మార్చిలో మెట్రో రైలు పీణ్యకు వచ్చింది, 2024 నవంబరులో మాదావర వరకు సాగింది. మొదటి తరం వారికి సెలవు అంటే ఊరికి వెళ్లే బస్సు. రెండవ తరం పిల్లలకు సెలవు అంటే ఒక కొత్త చోటు. ఈ తేడాయే నేడు ఇళ్లలో చిన్నపాటి వాదములకు కారణమవుతున్నది.

పీణ్యకు దీవులతో సంబంధం కొత్తది కాదు. భారత అంతరిక్ష పరిశోధన సంస్థకు చెందిన ఇస్ట్రాక్ కేంద్ర కార్యాలయం ఉన్నది పీణ్యలోనే. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని మీద దిగినప్పుడు నియంత్రణ జరిగింది ఇక్కడి నుండే. ఉపగ్రహాలను వెంబడించడానికి ఈ సంస్థకు ఉన్న కేంద్రాలలో పలు కేంద్రాలు దీవులలోనే ఉన్నాయి. శ్రీహరికోట ఒక దీవి. అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్, మారిషస్, ఇండోనేషియాలోని బియాక్ కూడా దీవులే. నాలుగు దిక్కులా నేలే ఉన్న పీణ్యలోని శాస్త్రవేత్తలు రాకెట్టు దారిని కనిపెట్టడానికి దీవుల మీద ఆధారపడుతున్నారు. అదే వీధిలో మిల్లుకు వెళ్లే కార్మికుడు ఆ దీవులను పటంలో మాత్రమే చూసి ఉంటాడు.

తెలుగులో దీవి, లంక, ద్వీపం అనే మూడు మాటలున్నాయి. కన్నడంలో నడుగడ్డె అంటారు. మాటకు కొదువ లేదు, కాని అనంతపురం వైపు పల్లెలకు ఆ అనుభవమే కొదువ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల మనది. అండమాన్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఎండిన చెరువు గట్టు మీద పెరిగినవారికి చుట్టూ నీరున్న నేల చూడవలెనన్న కోరిక కలగడం సహజమే. అందులో విలాసం ఉన్నదని ఎగతాళి చేయడం తగదు.

ముందు సెలవు లెక్క

ఏ దీవి అన్న ప్రశ్నకు ముందు, ఎన్ని రోజులు అన్న ప్రశ్నకు జవాబు కావలెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికునికి, ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు లభించేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి ఈ అర్హతను 180 రోజులకు తగ్గించింది. 20 రోజులకు ఒకటి అన్న లెక్క అలాగే ఉన్నది. అంటే ఏడాదిలో 300 రోజులు పనిచేసినవారికి 15 రోజుల సెలవు వస్తుంది. కాంట్రాక్టు మేస్త్రీ కింద పనిచేసేవారికి ఈ హక్కు కాగితం నుండి చేతికి రావడం కష్టమే. అయినా హక్కు ఏమిటో తెలిసి ఉండడం మేలు.

ఈ 15 రోజుల నుండి సంక్రాంతికి, ఉగాదికి, ఊరి జాతరకు, బంధువుల ఇంట ఒక పెండ్లికి, ఇంట్లో ఒకరి జ్వరానికి తీసివేస్తే మిగిలేది నాలుగు రోజులే. దానికి ఒక ఆదివారమో, ఆయుధపూజ సెలవో కలిసివస్తే అయిదు, ఆరు రోజులు అగును. కాబట్టి దీవికి పోవడం అంటే ఊరికి పోకపోవడం అన్న భయం ముసలి తల్లిదండ్రులకు కలగడం నిరాధారమైనది కాదు. కుటుంబంలో ఈ లెక్కను ఎదురెదురుగా కూర్చుండి మాట్లాడుకొనకుండా టిక్కెట్లు కొన్నచోట, యాత్ర ముగిసినా మనసులో ముల్లు మిగులుతుంది.

మొదటి దారి: మల్పె తీరాన సెయింట్ మేరీస్ దీవులు

రెండు, మూడు రోజులే ఉన్నవారికి ఉడుపి దగ్గరి మల్పె తగిన చోటు. బెంగళూరు నుండి ఉడుపి సుమారు 400 కిలోమీటర్లు. పీణ్యకు చేరువలో ఉన్న యశ్వంతపురం నుండి తీరప్రాంతానికి రైళ్లున్నాయి, రాత్రి బస్సులకు లెక్కే లేదు. మల్పె రేవు నుండి పడవలో ఆరు కిలోమీటర్లు వెళ్తే కొబ్బరిచెట్లతో నిండిన ఈ చిన్న దీవులు కనిపిస్తాయి. 8 కోట్ల 80 లక్షల ఏళ్ల క్రితం, మడగాస్కర్ మన భూఖండంతో కలిసి ఉన్న కాలంలో, లావా చల్లబడి నిలువు స్తంభాలుగా ఏర్పడిన రాళ్లు ఇక్కడ ఉన్నాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. బడికి వెళ్లే పిల్లలకు ఇది పుస్తకంలో లేని పాఠం.

ఈ దీవులపై రాత్రి బస ఉండదు. కొన్ని గంటలు గడిపి తిరిగి రావలసిందే. నైరుతి ఋతుపవనాల కాలంలో, అంటే జూన్ నుండి సెప్టెంబరు వరకు, పడవలు నిలిపివేస్తారు. బడి వేసవి సెలవులు ముగిసే వేళకే ఈ దారి మూసుకొనిపోతుంది. కాబట్టి దసరా తరువాత నుండి ఏప్రిల్ వరకు దీనికి అనువైన కాలం. ఉడుపి శ్రీకృష్ణుని దర్శనం కూడా కలిసి వస్తుంది గనుక ఇంట్లోని పెద్దలు ఈ యాత్రకు సులువుగా ఒప్పుకుంటారు. పాస్‌పోర్టు, పర్మిట్టు, విమానం ఏవీ అక్కరలేదు.

ఒక్క రోజే దొరికినవారు కావేరి నడుమనున్న శ్రీరంగపట్టణాన్ని మరువరాదు. అది నదిలోని దీవియే. రంగనాథస్వామి కోవెల, టిప్పు సుల్తాను కోట ఒకే చోట చూసి రాత్రికి ఇల్లు చేరవచ్చు.

రెండవ దారి: లక్షద్వీప్

నినాదాలు ఎక్కువ మోగింది దీని గురించే, వివరాలు తక్కువ తెలిసింది కూడా దీని గురించే. 36 దీవులున్న ఈ కేంద్రపాలిత ప్రాంతపు మొత్తం విస్తీర్ణం 32 చదరపు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. సరిహద్దులో రెండు మూడు పెద్ద పంచాయతీల నేల కలిపితే అంత ఉంటుంది. జనం నివసించేవి 10 దీవులు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి ప్రజలు 64,473 మంది. 1956 వరకు ఇందులోని అమిని దీవుల పాలన మంగళూరు కేంద్రంగా ఉన్న దక్షిణ కన్నడ జిల్లా కింద ఉండేదని చాలామందికి తెలియదు.

భారతీయులైనా సరే, అక్కడివారు కానివారు అనుమతి పత్రం లేనిదే లక్షద్వీప్‌లో అడుగు పెట్టరాదు. స్థానిక పోలీసు ఠాణా నుండి నడవడిక ధ్రువపత్రం తెచ్చుకొనవలసి ఉంటుంది. ఆధార్ చిరునామా మడకశిరలోను, కాపురం పీణ్యలోను ఉన్నవారికి ఏ ఠాణాకు వెళ్లవలెనన్న చిక్కు వస్తుంది. కాబట్టి కనీసం నెల, రెండు నెలల ముందే ప్రయత్నం మొదలుపెట్టవలెను. కొచ్చి నుండి ఓడలో 14 నుండి 18 గంటల ప్రయాణం. విమానం దిగగలది అగత్తి దీవిలో ఒక్కచోటే, ఆ రన్‌వే కూడా చిన్నది గనుక చిన్న విమానాలే దిగుతాయి. 2024 మార్చి 31న బెంగళూరు నుండి అగత్తికి నేరుగా విమానసేవ మొదలైంది. చిన్న విమానాల సేవలు ఋతువును బట్టి మారుతుంటాయి గనుక, సెలవు చీటీ పెట్టకముందే సేవ నడుస్తున్నదో లేదో చూసుకొనవలెను.

పడకలు కొన్నే, పడవలు కొన్నే. దానికి కారణమున్నది. ఇవి పగడపు దీవులు. మంచినీరు నేల అడుగున పలుచని పొరగా మాత్రమే నిలుస్తుంది. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే యంత్రాగారాన్ని చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో కవరత్తిలో నెలకొల్పింది. ఫ్లోరైడ్ నీటితో వేగి, ఆర్.ఓ. నీటి డబ్బాల కోసం వరుసలో నిలబడిన పావగడ, మడకశిర ప్రజలకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. నీరు లేని ఊరికి వందమంది చుట్టాలు ఒకేసారి వస్తే ఏమగునో వారికి తెలుసు. 2024 వేసవిలో సముద్రం వేడెక్కి లక్షద్వీప్ పగడాలు విస్తారంగా తెల్లబారిపోయాయి. బహిష్కరణకు బదులుగా లక్షలమంది ఒక్కసారి అక్కడికి వెళ్లవలెనన్న పిలుపు ఆ దీవులకు మేలు చేసేది కాదు.

బంగారం దీవిలో తప్ప మిగిలిన చోట్ల మద్యం నిషిద్ధం. జబ్బు తీవ్రమైతే రోగిని హెలికాప్టరులో కొచ్చికి తరలించవలసి వస్తుంది. గుండెజబ్బు, రక్తపోటు ఉన్న పెద్దలను వెంటబెట్టుకొని వెళ్లడానికి ఇది తగిన చోటు కాదు. ముందుగా ఏర్పాట్లు చేసుకొనగల యువదంపతులకు, నలుగురైదుగురు స్నేహితులకు మాత్రం ఇంతకన్న ప్రశాంతమైన చోటు మన దేశంలో అరుదు.

మూడవ దారి: అండమాన్

అయిదు, ఆరు రోజులు దొరికిన కుటుంబానికి అండమాన్ మేలైనది. బెంగళూరు నుండి నేరుగా విమానాలున్నాయి, మూడు గంటల లోపు ప్రయాణం. 2023 జులై 18న అక్కడ కొత్త విమానాశ్రయ భవనం ప్రారంభమైంది. రాజధాని పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరు 13న శ్రీ విజయపురం అని పేరు మార్చారు. టిక్కెట్లు కొనేవారు రెండు పేర్లూ ఒకే ఊరివని గుర్తుంచుకొనవలెను. హేవ్‌లాక్ దీవి 2018 నుండి స్వరాజ్ ద్వీప్‌గాను, నీల్ దీవి షహీద్ ద్వీప్‌గాను మారాయి. ఈ మూడింటికి భారతీయులు పర్మిట్టు లేకుండా వెళ్లవచ్చు. నికోబార్ దీవులకు, ఆదివాసుల రక్షిత ప్రాంతాలకు మాత్రం ప్రత్యేక అనుమతి లేనిదే వెళ్లరాదు. 1956 నాటి నిబంధనలు ఆ జనులను బయటివారి నుండి కాపాడడానికే ఉన్నాయి.

తెలుగువారికి అండమాన్ పరాయిది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ బెంగాలీ, హిందీ, తమిళం తరువాత నాల్గవ స్థానం తెలుగుది. మొత్తం ప్రజలలో సుమారు 13 శాతం మంది మాతృభాష అది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు తరాలుగా అక్కడ స్థిరపడ్డాయి. హిందీ రాని ముసలితల్లి కూడా అక్కడి బజారులో తన మాట వినగలదు. 1906లో నిర్మాణం ముగిసిన సెల్యులార్ జైలులో తెలుగువారి చరిత్ర కూడా ఉన్నది. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర అండమాన్ ప్రవాసశిక్ష అనుభవించి తిరిగివచ్చి, 1952 ఎన్నికలలో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. పిల్లలకు ఆ గదులు చూపడం, ఇసుకలో ఆడించడంతో సమానమైన పని.

మెలకువలు కొన్ని ఉన్నాయి. అండమాన్ మనకు చాలా తూర్పున ఉన్నా గడియారం మనదే గనుక అక్కడ తెల్లవారుజామున అయిదుకే వెలుగు వస్తుంది, సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది. మధ్యాహ్నం దాకా గదిలో నిద్రించినవారు సగం యాత్ర పోగొట్టుకున్నట్లే. మే నుండి సెప్టెంబరు వరకు నైరుతి వానలు, అక్టోబరు, నవంబరులలో తుపానుల భయం ఉంటాయి. జనవరి నుండి ఏప్రిల్ వరకు సముద్రం శాంతంగా ఉంటుంది. 2016 డిసెంబరులో తుపాను వాతావరణం వలన హేవ్‌లాక్, నీల్ దీవులలో వెయ్యిమందికి పైగా యాత్రికులు చిక్కుకొనగా నౌకాదళం వారిని తెచ్చింది. కాబట్టి తిరుగు విమానానికి ముందు రాత్రి చిన్న దీవులలో ఉండరాదు, రాజధానికి చేరుకొని ఉండవలెను.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ప్రయాణ రాయితీ కింద స్వగ్రామానికి బదులు అండమాన్‌కు విమానంలో వెళ్లే సదుపాయం ఉన్నది. 2024లో ఈ సదుపాయాన్ని 2026 సెప్టెంబరు 25 వరకు పొడిగించారు. ఆ తేదీ తరువాత వెళ్లదలచినవారు తాజా ఉత్తర్వును కార్యాలయంలో చూసుకొనవలెను. ప్రైవేటు మిల్లు కార్మికునికి ఈ రాయితీ లేదు. చెన్నై, విశాఖల నుండి ఓడలున్నా, ఒక్కవైపు ప్రయాణానికే రెండున్నర నుండి నాలుగు రోజులు పడుతుంది. నాలుగు రోజుల సెలవులో ఓడ ఎక్కినవాడు దీవి చూడకుండానే తిరిగి రావలసి వస్తుంది.

నాల్గవ దారి: మాల్దీవులు, ఇతర దేశాలు

మాల్దీవులు అంటే సినిమా తారల విడిది అన్న తలంపు సగమే నిజం. 1,192 దీవులున్న ఆ దేశంలో 1972లో మొదటి రిసార్టు వెలసింది. చాలాకాలం విదేశీయులు రిసార్టు దీవులలోనే ఉండేవారు. 2010 ప్రాంతంలో స్థానికులు నివసించే దీవులలో కూడా అతిథిగృహాలకు అనుమతి లభించాక, మాఫుషి వంటి చోట్ల మధ్యతరగతి వారికి అందుబాటులో బసలు వచ్చాయి. భారతీయులకు వీసా దిగిన చోటనే ఉచితంగా ఇస్తారు, కాని పాస్‌పోర్టు తప్పనిసరి. ప్రయాణానికి ముందు 96 గంటల లోపల ఆన్‌లైన్‌లో వివరాలు నింపవలెను.

కనిపించని ఖర్చు ఇక్కడే ఉన్నది. 2025 జనవరి 1 నుండి అక్కడ హరితపన్ను రెట్టింపైంది. రిసార్టులో మనిషికి రోజుకు 12 డాలర్లు, చిన్న అతిథిగృహాలలో 6 డాలర్లు. నలుగురు సభ్యుల కుటుంబం మూడు రాత్రులు చిన్న అతిథిగృహంలో ఉంటే ఈ పన్ను ఒక్కటే 72 డాలర్లు, రిసార్టులో ఉంటే 144 డాలర్లు. దీవి నుండి దీవికి వేగపు పడవ ఖర్చు వేరే. విదేశీ ప్యాకేజీ కొన్నప్పుడు సంస్థ మన దేశపు ఆదాయపు పన్నును కూడా ముందుగా వసూలు చేస్తుంది. అది రిటర్ను దాఖలు చేసినవారికే తిరిగి వస్తుంది. ప్రకటనలో కనిపించే ధరలో ఇవన్నీ చేరి ఉన్నాయా అని వ్రాతపూర్వకంగా అడిగి తెలుసుకొనవలెను.

శ్రీలంక విమానంలో గంటన్నర దూరమే. 2025 నవంబరు చివర దిత్వా తుపాను అక్కడ వందలాది ప్రాణాలను బలిగొన్నది. వెళ్లదలచినవారు రహదారులు, రైళ్లు ఏ మేరకు కోలుకున్నాయో విచారించుకొనవలెను. మారిషస్ సంగతి వేరు. కోరంగి రేవు నుండి ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి సంతతి అక్కడ ఉన్నది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది కూడా అక్కడే. కాని అది నాలుగు రోజులలో ముగిసే యాత్ర కాదు. దానికి వారమైనా కావలెను.

సముద్రం చెరువు కాదు

అన్నిటికన్న ముఖ్యమైన విషయం ప్రాణభద్రత. 2024 డిసెంబరు 10న ములబాగిలు తాలూకా నుండి విహారయాత్రకు వెళ్లిన బడి పిల్లలలో నలుగురు బాలికలు మురుడేశ్వర తీరంలో అలలకు కొట్టుకొనిపోయి మరణించారు. 2022 ఏప్రిల్‌లో సెయింట్ మేరీస్ దీవిలో కేరళ విద్యార్థులు ముగ్గురు మునిగిపోయారు. 2014 జనవరి 26న అండమాన్‌లో పరిమితికి మించి ఎక్కించుకున్న పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా చనిపోయారు. తెలుగు నేల మీద 2017లో కృష్ణానదిలోను, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్దను జరిగిన పడవ దుర్ఘటనలు ఎవరూ మరచిపోలేదు.

మెట్టప్రాంతపు పిల్లలకు బావి, చెరువు, కుంట తెలుసు. వాటిలో లోతు ఎక్కడిదక్కడే ఉంటుంది. సముద్రంలో నిలబడిన చోటనే కాళ్లకింది ఇసుక జారుతుంది, వెనుకకు లాగే ప్రవాహం పైకి కనిపించదు. చెరువులో ఈత వచ్చినంత మాత్రాన సముద్రంలో ఈత వచ్చినట్లు కాదు. ఒడ్డున ఎర్రజెండా ఉన్నచోట నీటిలో దిగరాదు. లైఫ్ జాకెట్టు లేని పడవ ఎక్కరాదు, ఉన్నా దాని పట్టీలు బిగించుకొనకపోతే లేనట్లే. పిల్లలు మోకాలి లోతు దాటరాదు. రాళ్ల మీద నిలబడి ఫోటోల కోసం అలకు వీపు చూపరాదు. ఈ నాలుగు మాటలు పీణ్యలోని తల్లిదండ్రులకే గాక, పిల్లలను విహారయాత్రకు పంపే సరిహద్దు గ్రామాల తల్లిదండ్రులకు కూడా వర్తిస్తాయి. యాత్రకు అంగీకార పత్రం మీద సంతకం చేసేముందు, నీటి దగ్గర పిల్లలను ఎవరు కనిపెట్టి ఉంటారని అడిగే హక్కు వారికి ఉన్నది.

అప్పు చేసి దీవికి?

ఇప్పుడు వెళ్లండి, తరువాత కంతులలో చెల్లించండి అనే ప్రకటనలు నేడు ప్రతి సెల్‌ఫోనులోను ఉన్నాయి. సరిహద్దు గ్రామాలకు అప్పు కొత్తది కాదు. అప్పు తెచ్చి బోరు వేస్తే నీరు పడవచ్చు, పడకపోవచ్చు. అప్పు తెచ్చి దీవికి వెళ్తే నీరు తప్పక కనిపిస్తుంది, కాని ఆ నీటితో చేను తడవదు. ఊరిలో బోరు అప్పు, బంగారం తాకట్టు ఉండగా నగరంలో కొడుకు యాత్ర కోసం మరొక కంతు తలకెత్తుకోవడం, నాలుగు రోజుల సంతోషానికి పన్నెండు నెలల దిగులు కొనుక్కోవడమే.

నెలకు కొంత చొప్పున ఏడాది పాటు దాచి వెళ్లినవారికి ఆ చిక్కు లేదు. ముందుగా అనుకున్న యాత్రకు టిక్కెట్లు కూడా చౌకగా దొరుకుతాయి. ఏజెంటుకు సొమ్ము కట్టేముందు రసీదు, రద్దు చేసుకుంటే తిరిగి ఇచ్చే మొత్తం, హోటలు పేరు వ్రాతలో ఉండవలెను. హోటలుకు స్వయంగా ఫోను చేసి గది తమ పేరున ఉన్నదా అని అడగడంలో సిగ్గుపడవలసిన పనిలేదు.

తేలిన లెక్క

రెండు మూడు రోజులుంటే మల్పె. అయిదారు రోజులుండి, పెద్దలు, పిల్లలు కలిసి వెళ్లదలచుకుంటే జనవరి, ఏప్రిల్ నెలల నడుమ అండమాన్. రెండు నెలల ముందునుండి కాగితాలు సమకూర్చుకొనగల ఆరోగ్యవంతులకు లక్షద్వీప్. పాస్‌పోర్టు చేతిలో ఉండి, అప్పు లేకుండా, పన్నులతో సహా మొత్తం ఖర్చు భరించగలవారికి మాల్దీవులు. వీటిలో ఏది ఎంచుకున్నా దేశభక్తి పెరగదు, తరగదు. ఏ దీవికి వెళ్లినా అక్కడి నీరు, అక్కడి పగడం, అక్కడి ఆచారం అక్కడివారివని గుర్తెరిగి మెలగడం మాత్రం అవసరం.

ఊరిలోని పెద్దల విషయమై ఒక మాట. బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు వైపు గ్రామాల నుండి దేవనహళ్లి విమానాశ్రయం జాతీయ రహదారి మీదనే ఉన్నది. ఆ దారిన వెళ్లే విమానాలను చేలో నిలబడి తలెత్తి చూసిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. కొడుకు, కోడలు, పిల్లలు నలుగురు మాల్దీవులకు వెళ్లే ఖర్చుతో ఆరుగురు అండమాన్‌కు వెళ్లి రాగలరా అన్న లెక్క ఒకసారి వేసి చూడడంలో నష్టం లేదు. అప్పుడు ఊరికా, దీవికా అన్న వాదమే ఉండదు. మిగిలిన సెలవు రోజులు సంక్రాంతికి అలాగే నిలిచి ఉంటాయి.